సిల్వర్ ఓక్ చుట్టం ఇంగ్లండ్ చలిలో బతుకుతుందా?

ప్రశ్న: నమస్తే అండీ. మాది పాడేరు దగ్గర పల్లె. నాన్నకి రెండెకరాల కాఫీ తోట ఉంది. సిల్వర్ ఓక్ నీడలోనే పెరిగాను. ఆరేళ్ళుగా ఇంగ్లండ్‌లో, మిల్టన్ కీన్స్‌లో ఉంటున్నాం. సొంతిల్లు కొనుక్కున్నాక పెరట్లో సిల్వర్ ఓక్ పెట్టాలని ఆశపడ్డాను. ఈ చలికి అది నిలవదు, దాని జాతిదే 'గ్రెవిలియా కాన్‌బెర్రా జెమ్' అనే పొద పెట్టుకోమని గార్డెన్ సెంటర్‌లో చెప్పారు. కిందటేడు మే నెలలో కంచె పక్కన పెద్ద గొయ్యి తీసి, సంచి కంపోస్టు, రెండు గుప్పెళ్ళ బోన్‌మీల్ (ఎముకల పొడి ఎరువు) వేసి నాటాను. వేసవంతా వారానికోసారి టమాటాలకు పోసే ఫీడ్ దీనికీ పోశాను. సెప్టెంబరుకే కింది ఆకుల కొసలు మాడాయి, చిగుళ్ళు పసుపుపచ్చగా వచ్చాయి. బలం చాల్లేదేమో అని మళ్ళీ బోన్‌మీల్ వేశాను. జనవరిలో మొత్తం ఎండిపోయింది. చలికే పోయిందని మావారు అంటున్నారు. మనసొప్పక ఇంకొకటి కొన్నాను, ఇంకా కుండీలోనే ఉంది. దీన్నైనా ఎలా బతికించుకోవాలి? ఎక్కడ పెట్టాలి, ఏం వేయాలి, చలికాలం ఎలా దాటించాలి? ఏప్రిల్‌లో అమ్మ వస్తోంది, ఆ పూలు పూజకు పనికొస్తాయా అని అడుగుతోంది. — పాడేరు అమ్మాయి, మిల్టన్ కీన్స్

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ మొక్క చలికి పోలేదు. ఆ సంగతి మీరు రాసిన వాక్యంలోనే ఉంది: సెప్టెంబరుకే ఆకుల కొసలు మాడాయి అన్నారు. సెప్టెంబరులో మిల్టన్ కీన్స్‌లో ఏం చలి? ఇంకా స్వెట్టర్లు కూడా బయటికి తియ్యరు. చలి దెబ్బ తగిలితే ముందు లేత చిగుళ్ళు నల్లబడి వాలిపోతాయి. మీ మొక్కకి ముందు ముదురాకుల కొసలు మాడాయి, ఆ తర్వాత చిగుళ్ళు పసుపు తిరిగాయి. ఇది భాస్వరం (ఫాస్ఫరస్) ఎక్కువైన మొక్క పడే బాధ. బోన్‌మీల్‌లో ఎక్కువగా ఉండేది అదే. అప్పటికే నీరసించిన మొక్కకి చలికాలపు తడి తోడై జనవరిలో ప్రాణం పోయింది. ఇందులో మీ తప్పేమీ లేదు. గులాబీకో మల్లెకో మనం ఏది ప్రేమగా చేస్తామో అదే చేశారు. ఈ మొక్క తీరు వేరు, అంతే. ఆ తీరు ఒక్కటి తెలిస్తే మిగతా పనులన్నీ తేలిక.

గ్రెవిలియా జాతిలో మూడువందల యాభైకి పైగా రకాలున్నాయి. దాదాపు అన్నిటిదీ ఆస్ట్రేలియానే. మీ నాన్నగారి తోటలో కాఫీకి నీడనిస్తూ, మిరియాల తీగని మోస్తూ నిలబడ్డ సిల్వర్ ఓక్ కూడా ఇందులోదే. దాని శాస్త్రీయ నామం గ్రెవిలియా రోబస్టా. పేరులో ఓక్ ఉంది కాని ఓక్ చెట్టుకీ దానికీ చుట్టరికమే లేదు. ఈ మొక్కలు పుట్టిన నేలలు లక్షల ఏళ్ళుగా వానకి కడుక్కుపోయి, సారం పోయిన నేలలు. ముఖ్యంగా భాస్వరం అక్కడ బాగా తక్కువ. ఆ కొరతలో బతకడానికి వీటికి ఒక ప్రత్యేకమైన వేరు ఏర్పడింది. కుండీలోంచి మొక్కని మెల్లగా బయటికి తీసి చూడండి. మామూలు వేళ్ళ మధ్య అక్కడక్కడా దూదిపింజల్లా, సన్నని బ్రష్ కుచ్చుల్లా కనిపిస్తాయి. అవి మట్టిలోకి ఆమ్లాలు వదిలి, మట్టికి గట్టిగా అతుక్కుని ఉన్న కాస్త భాస్వరాన్నీ కరిగించి లాక్కుంటాయి. తోడుకోవడం వాటికి బాగా తెలుసు, ఆపుకోవడం తెలియదు. బోన్‌మీల్ వేసిన చోట పెడితే అదే పనిగా తోడుకుంటూ పోతాయి. అది ఆకుల్లో పేరుకుని కొసల నుంచి మాడుస్తుంది. పైగా భాస్వరం ఎక్కువైతే మొక్క ఇనుముని వాడుకోలేదు. అందుకే మీ చిగుళ్ళు పసుపు తిరిగాయి. మీరు బలం చాల్లేదనుకుని మళ్ళీ అదే వేశారు.

నాన్నగారికి చెబితే ఇట్టే అర్థమవుతుంది. డీఏపీ బస్తా మీద 18-46-0 అని ఉంటుంది కదా, అందులో మధ్య అంకె భాస్వరం. ఇంగ్లండ్‌లో అమ్మే ఎరువు డబ్బాల మీదా ఇలాగే మూడంకెలుంటాయి. మీరు ఏది కొన్నా ముందు ఆ మధ్య అంకె చూడండి. ఇక్కడ అందరూ వాడే గ్రోమోర్ అనే ఎరువు 7-7-7. అది వద్దు. బోన్‌మీల్ వద్దు. 'బ్లడ్, ఫిష్ అండ్ బోన్' అని అమ్మేది వద్దు. కోళ్ళ ఎరువు గుళికలు వద్దు. టమాటా ఫీడ్ టమాటాలకే. జాన్ ఇన్నెస్ నంబర్ 3 అని మట్టి సంచులు దొరుకుతాయి, పెద్ద మొక్కలకి మంచిదని చెప్తారు. అందులో సూపర్ ఫాస్ఫేటు, సుద్ద రెండూ కలుపుతారు, నంబరు పెరిగేకొద్దీ మోతాదూ పెరుగుతుంది. ఈ మొక్కకి ఆ రెండూ పడవు.

ఇక్కడ అమ్మగారి సంగతి కూడా చెప్పాలి. ఏప్రిల్‌లో వస్తున్నారన్నారు. మన అమ్మలు వచ్చారంటే పెరట్లో ఏ మొక్కా ఆకలితో ఉండదు. బియ్యం కడిగిన నీళ్ళు, మరిగించిన టీ పొడి, గుడ్డు పెంకులు, అరటి తొక్కలు, అన్నీ మొక్కల మొదళ్ళకే చేరతాయి. కరివేపాకు కుండీకి వేసుకోమనండి, ఎంతో మంచిది. ఈ ఒక్కదానికి మాత్రం వద్దని ముందే ఫోన్‌లో చెప్పండి. బియ్యం కడుగులో కాస్తో కూస్తో భాస్వరం ఉంటుంది, గుడ్డు పెంకు అంటే సున్నమే. మీ ఊరి కుళాయి నీళ్ళలో ఇప్పటికే సున్నం ఎక్కువ. కెటిల్ అడుగున తెల్లగా పొర కడుతుంది చూడండి, అదే. అమ్మగారికి చేతులు ఊరుకోవంటే వాన నీళ్ళ డ్రమ్ము బాధ్యత అప్పగించండి. గటర్ గొట్టం కింద ఒక డ్రమ్ము బిగిస్తే చాలు. ఈ మొక్కకి నీళ్ళంటే వాన నీళ్ళే. ఎండల్లో డ్రమ్ము ఖాళీ అయితే ఒకటి రెండుసార్లు కుళాయి నీళ్ళు పోసినా కొంపలేం మునగవు. ఏడాది పొడుగునా మాత్రం అవే పోయకూడదు.

ఇప్పుడు చలి. సిల్వర్ ఓక్ విషయంలో గార్డెన్ సెంటర్ వాళ్ళు సరిగ్గానే చెప్పారు. అది క్వీన్స్‌లాండ్ దక్షిణం, న్యూ సౌత్ వేల్స్ ఉత్తరం వైపు అడవుల చెట్టు, మంచు గడ్డకడితే తట్టుకోలేదు. విక్టోరియా రాణి కాలం నాటి తోటమాలులు దాని ఫెర్న్ లాంటి ఆకుల మీద మోజుతో కుండీల్లో పెంచి, వేసవిలో పూలమళ్ళ మధ్యలో నాటి, చలి రాకముందే లోపలికి తెచ్చుకునేవారు. మీకు మరీ బెంగగా ఉంటే ఒకటి ఇంట్లో కిటికీ పక్కన కుండీలో పెంచుకోవచ్చు. చెట్టు కాదు కాని, ఆ ఆకు కళ్ళ ముందుంటుంది.

కాన్‌బెర్రా జెమ్ వేరే రకం. రోజ్‌మేరీ ఆకుల గ్రెవిలియాకీ, జూనిపర్ ఆకుల గ్రెవిలియాకీ పుట్టిన సంకరం ఇది. తల్లిదండ్రులిద్దరిదీ ఆగ్నేయ ఆస్ట్రేలియా. కాన్‌బెర్రా అంటే సముద్రానికి దూరంగా, కొండల మధ్య ఉన్న ఊరు. అక్కడి శీతాకాలపు రాత్రుల్లో మైనస్ 5 డిగ్రీలు వింతేమీ కాదు. అందుకే మంచి చోట, నీరు నిలవని నేలలో పెడితే ఈ పొద మైనస్ 5 నుంచి 8 దాకా ఓర్చుకుంటుంది. మైనస్ 10 తాకితే కష్టం. మిల్టన్ కీన్స్‌లో మామూలు చలికాలం దీన్ని చంపేంతటిది కాదు.

కాని ఒక తేడా ఉంది, అది మీకు నేను చెప్పక్కర్లేదు. లంబసింగిలో తెల్లవారుజామున గడ్డి మీద మంచు పేరుకున్నా పదింటికల్లా ఎండ కాసి నేల పొడిగా, వెచ్చగా అయిపోతుంది. కాన్‌బెర్రాలోనూ రాత్రి గడ్డకట్టినా పగలు నీలాకాశం, ఎండ. ఇంగ్లండ్‌లో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నేల ఆరదు. అందులోనూ మీది బంకమన్ను ఊరు. మీ మొక్కకి చలి కంటే ఆ తడి ప్రమాదం. వేళ్ళు నీళ్ళల్లో నానుతూ ఉంటే మైనస్ 3కే చచ్చిపోతుంది. వేళ్ళు పొడిగా ఉంటే మైనస్ 7 వచ్చినా నిలబడుతుంది.

కాబట్టి మీరు ఈసారి చేయాల్సిన అసలు పని మొక్కని ఎత్తు మీద పెట్టడం. కిందటేడు మీరు తీసిన పెద్ద గొయ్యి మంచి కంటే చెడే ఎక్కువ చేసింది. బంకమన్నులో గొయ్యి తీసి మెత్తటి కంపోస్టుతో నింపితే అది బకెట్ లాంటిది. చుట్టుపక్కల నీరంతా అందులోకే దిగి అక్కడే నిలుస్తుంది. నేనూ ఇంగ్లండ్‌కి కొత్తగా వచ్చిన రోజుల్లో ఒక బాటిల్ బ్రష్ మొక్కని ఇలాగే పోగొట్టుకున్నాను. మార్చిలో తవ్వి చూస్తే గొయ్యి సగం దాకా నీళ్ళున్నాయి. వేళ్ళు నల్లబడి, పట్టుకుంటే పైతోలు ఊడి చేతికొచ్చింది, కుళ్ళు వాసన. ఆ తర్వాత నేను బంకమన్నులో ఆస్ట్రేలియా మొక్క దేనికీ గొయ్యి తియ్యలేదు.

ముందు నేల ఎలాంటిదో చూసుకోండి. పెట్టాలనుకున్న చోట 30 సెంటీమీటర్ల లోతు చిన్న గుంట తీసి, నిండా నీళ్ళు పోసి, తెల్లారి చూడండి. నీళ్ళు ఇంకా ఉన్నాయంటే దిబ్బ తప్పదు. అక్కడ నేలని పార లోతు గుల్ల చేసి, దాని మీదే 30 సెంటీమీటర్ల ఎత్తున, మీటరు పైగా వెడల్పున దిబ్బలా పోయాలి. దిబ్బకి మట్టి: మీ పెరటి పైమట్టి సగం, తోటపనికి అమ్మే సన్న గులకరాళ్ళు పావు వంతు, ఎరికేషియస్ కంపోస్టు అని ఆమ్లపు నేల మొక్కల కోసం అమ్మేది పావు వంతు. గులకరాళ్ళు కొనేటప్పుడు సున్నపురాయిది కాదని చూసుకోండి. కొంచెం ఆకు మాగిన మట్టి దొరికితే అదీ కలపొచ్చు. పశువుల ఎరువు వద్దు, పుట్టగొడుగుల కంపోస్టు అసలే వద్దు. అందులో సున్నం ఉంటుంది.

ఎక్కడ అంటే, దక్షిణం వైపో పడమర వైపో చూసే గోడకి దగ్గర్లో. గోడ పగలు పట్టుకున్న వేడి రాత్రి వదులుతుంది, గాలినీ ఆపుతుంది. తూర్పు వైపు పెట్టకండి. ఇది చలికాలం చివర్లో పూచే మొక్క, గడ్డకట్టిన మొగ్గ మీద పొద్దున్నే సూటిగా ఎండ పడితే ఒక్కసారిగా కరిగి మాడిపోతుంది. పడమర వైపు అయితే ఎండ తగిలేసరికి మెల్లగా కరిగి ఉంటుంది. ఇంకో మాట. మీరు కొన్నది కొత్తగా కట్టిన ఇల్లైతే ఇది చూసుకోండి. కొత్త ఇళ్ళ గోడల పక్కన పైన రెండంగుళాల మట్టి కప్పి, కింద సిమెంటు పెళ్ళలు, ఇటుక ముక్కలు, సున్నం వదిలేసి పోతుంటారు. గోడకి ఆనించి పెట్టకుండా మీటరుకి పైగా ఎడం వదలండి, తవ్వినప్పుడు ఆ పెళ్ళలు కనిపిస్తే ఏరి పారేయండి. మట్టి పీహెచ్ (మట్టిలో ఆమ్లం ఎక్కువో సున్నం ఎక్కువో చెప్పే కొలత) చూసే కిట్లు చవకే. 5.5 నుంచి 6.5 మధ్య ఉంటే దీనికి హాయి. 7 దాకా సర్దుకుంటుంది. 7.5 దాటితే నేల మీద ఆశ వదిలి కుండీలోనే పెంచండి.

కుండీ అయితే 40 సెంటీమీటర్ల మట్టి కుండీ. కింద రంధ్రం నేలకి ఆనకుండా మూడు ఇటుక ముక్కలు పెట్టాలి. ఎరికేషియస్ కంపోస్టుకి మూడో వంతు గులకరాళ్ళో పెర్లైటో (మట్టిని గుల్లగా ఉంచే తెల్లటి తేలిక గుళికలు) కలపాలి. నిదానంగా కరిగే ఎరువు గుళికలు ముందే కలిపి అమ్మే సంచులుంటాయి, అవి కాకుండా చూసుకోండి. కుండీలో వేళ్ళకి చుట్టూ భూమి రక్షణ ఉండదు కాబట్టి గట్టి చలి రోజుల్లో కుండీ చుట్టూ బబుల్ ర్యాప్ చుట్టండి, లేదా గ్యారేజీ పక్కకో పోర్చిలోకో జరపండి. వెలుతురు ఉండాలి, హీటర్ వద్దు.

నాటేది ఎప్పుడంటే, మే రెండో వారం తర్వాత. మీరు కిందటేడు సరైన నెలలోనే నాటారు. శరదృతువులో నాటమని ఇక్కడి పుస్తకాల్లో ఉంటుంది, అది మామూలు పొదలకి. ఇది వేసవంతా వేళ్ళు దింపుకుంటేనే మొదటి చలికాలాన్ని తట్టుకుంటుంది. అప్పటి దాకా మీ కుండీని వెచ్చని గోడ పక్కన ఉంచండి. రేడియోలో ఫ్రాస్ట్ అన్న రాత్రి పోర్చిలోకి తెచ్చుకోండి.

నాటే రోజు కుండీని వాన నీళ్ళ బకెట్‌లో అరగంట ముంచి తీయండి. వేళ్ళని దులపొద్దు, విడదీయొద్దు. ఆ కుచ్చు వేళ్ళు చాలా సున్నితం, తెగితే మొక్క నెలల తరబడి కోలుకోదు. కుండీ చుట్టూ గుండ్రంగా తిరిగిన వేరు ఉంటే అది మాత్రం వేలితో మెల్లగా వదులు చేయండి. మట్టి ముద్ద పైభాగం దిబ్బ మట్టానికి మూడు నాలుగు సెంటీమీటర్లు పైకే ఉండాలి. మొదలు చుట్టూ పైన పరచడానికి పైన్ బెరడు ముక్కలు వాడండి, కాండానికి తగలకుండా ఒక బెత్తెడు వదిలేయండి. పక్కన లాన్ ఉంటే దానికి వేసే ఎరువు వానకి ఇటు కొట్టుకు రాకుండా చూసుకోండి. చాలామంది లాన్‌కి వేస్తారు, అది పొద మొదట్లోకి చేరిన సంగతి గమనించరు.

మొదటి రెండు వేసవులు, వానలు లేని వారాల్లో, వారానికోసారి ఒక పది లీటర్ల క్యాన్ మెల్లగా దింపండి. రోజూ చెంబుడు పోయకండి. వేరు పైపైనే ఉండిపోతుంది. మూడో ఏడు నుంచి మామూలు వేసవిలో దాన్ని వదిలేయొచ్చు. చలికాలం నేలలో ఉన్నదానికి ఒక్క చుక్క కూడా అవసరం లేదు. మొదటి ఏడాది ఎరువు ఏమీ వద్దు. ఇంత పెద్ద మొక్కకి ఏమీ వేయకుండా ఎలా అని మీ మనసు పీకుతుంది, తెలుసు. పీకనివ్వండి. రెండో ఏడాది ఏప్రిల్‌లో ఆకు మరీ పాలిపోయి ఉంటే మధ్య అంకె 2 లోపు ఉన్న నిదానపు ఎరువు, డబ్బా మీద రాసినదానిలో సగం. చిగురు పసుపుగా ఉండి ఈనెలు పచ్చగా ఉంటే అది ఇనుము లోపం. ఆకులు సూదుల్లా ఉంటాయి కాబట్టి వెలుతురుకి పట్టి చూస్తేనే తెలుస్తుంది. ముందు కుళాయి నీళ్ళు ఆపండి, అప్పటికీ తేరుకోకపోతే వేరే ఏమీ కలపని ఇనుము మందు పోయండి.

చలికాలానికి మొక్కల మీద కప్పే ఫ్లీస్ గుడ్డ ఒకటి, పెద్దది, కొని పెట్టుకోండి. మొదటి రెండేళ్ళు, మైనస్ 4 కంటే కిందికి పోతుందన్న రాత్రి రెండు మడతలు కప్పండి, పొద్దున్న తీసేయండి. ప్లాస్టిక్ షీటు కప్పకండి, ఆకుకి తగిలిన చోటల్లా మాడుతుంది. మీ ఊళ్ళో తూర్పు గాలి వీచిందంటే చలి కంటే అదే ఎక్కువ ఆరబెడుతుంది, దానికి రెండు కర్రలు పాతి అడ్డంగా గోనె కడితే చాలు.

అయినా ఒక్కోసారి దెబ్బ తగులుతుంది. 2022 డిసెంబరు మీకు గుర్తుండే ఉంటుంది. అదే ఏడు జూలైలో లింకన్‌షైర్‌లోని కోనింగ్స్‌బీలో 40.3 డిగ్రీలు నమోదైంది, ఇంగ్లండ్‌లో అంత ఎండ ముందెప్పుడూ లేదు. ఎండకి అలసిన మొక్కల మీద డిసెంబరులో పది రోజుల పాటు గడ్డకట్టే చలి పడింది. నా పెరట్లో ఎనిమిదేళ్ళ కాన్‌బెర్రా జెమ్ ఫిబ్రవరికల్లా పై నుంచి కింది దాకా ఇటుక రంగుకి తిరిగింది. ఇంట్లో అందరూ పీకేద్దామన్నారు. గోటితో కాండం మీద గీరి చూశాను. కొమ్మలన్నీ లోపల గోధుమ రంగు, మొదట్లో మాత్రం గోరు కింద సన్నటి పచ్చదనం, తడి. వదిలేశాను. మే గడిచింది, ఏమీ లేదు. జూన్ రెండో వారంలో బెత్తెడు ఎత్తున బెరడు చీల్చుకుని ఎర్రటి చిగుళ్ళు వచ్చాయి, సూది మొన అంత. అప్పుడు పైన చచ్చిన కొమ్మలు కోశాను. ఇవాళ నా నడుం దాటి ఉంది. అందుకే చెప్తున్నాను, చలికాలం తర్వాత మొక్క ఎండినట్టు కనిపిస్తే జూన్ ఆఖరు దాకా దాని జోలికి పోకండి. కిందటేడు మొక్కని మీరు పీకేశారో లేదో రాయలేదు. ఇంకా ఉంటే ఒకసారి గోటితో గీరి చూడండి. ఆశ తక్కువే, కాని చూడడానికి పోయేదేముంది.

కత్తిరింపు పూలయ్యాక, జూన్ జూలైల్లో. ఆకు ఉన్న చోటు వరకే కోయాలి, మూడో వంతుకి మించొద్దు. ఆకు లేని మోడు కొమ్మ మీద కోస్తే అక్కడి నుంచి చిగురు వస్తుందన్న నమ్మకం లేదు. ఏటా కొసలు కాస్త తుంచుతూ ఉంటే పొద గుబురుగా వస్తుంది, లేకపోతే మధ్యలో చీలిపోయి అడుగు ఖాళీ అవుతుంది. చేతికి గ్లౌజులు, పూర్తి చేతుల చొక్కా వేసుకోండి. ఆకు కొసలు గుచ్చుకుంటాయి, పైగా గ్రెవిలియా జాతి రసం కొందరికి దద్దుర్లు తెస్తుంది. నాన్నగారిని అడగండి, సిల్వర్ ఓక్ కొమ్మలు నరికినప్పుడు దురద వచ్చిన కూలీలు ఉండే ఉంటారు. ఇది రెండు మీటర్ల దాకా ఎదిగి, అంతకంటే ఎక్కువే పక్కలకి పరుచుకుంటుంది, కాబట్టి పిల్లలు నడిచే దారి పక్కన వద్దు. పూలు, కాయలు పిల్లల్ని నోట్లో పెట్టుకోనివ్వకండి. సిల్వర్ ఓక్‌తో సహా ఈ జాతిలో కొన్నిటి పూలలో, కాయల్లో సైనైడ్‌ని పుట్టించే పదార్థం ఉంటుంది.

చోటు తక్కువైతేనో, మీ నేల బొత్తిగా సహకరించకపోతేనో, మౌంట్ టాంబోరితా అనే పొట్టి రకం ఉంది. నేల మీద పరుచుకుంటుంది, కుండీకి బాగుంటుంది. ఇంకా చలి ఊళ్ళలో, స్కాట్లండ్ వైపు ఉన్న మన వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, విక్టోరియే అనే రకం వెతకండి. ఆస్ట్రేలియాలో మంచు కురిసే కొండల మొక్క అది. ఆకు వెడల్పుగా, బూడిద పచ్చగా ఉంటుంది, పూలు తుప్పు రంగు. గార్డెన్ సెంటర్‌లో ఒకోసారి రాబిన్ గోర్డన్ అనే రకం పెద్ద పెద్ద ఎర్ర పూలతో ఊరిస్తుంది. కొనకండి. అది వెచ్చని చోట్ల మొక్క, ఆరుబయట మొదటి చలికాలమే దాటదు.

ఇక అమ్మగారి ప్రశ్న. పూజకు కోయొచ్చు, దోషమేం లేదు. కాని విడిపూలుగా కోస్తే నిలవవు, కొమ్మ కొసతో పాటు చిన్న చిగురు తుంచి చెంబులో నీళ్ళు పోసి పెట్టమనండి. దానికంటే ఒక పని చేయమనండి. ఏప్రిల్‌లో వచ్చాక ఒక పువ్వు దగ్గర కూర్చుని దాన్ని చూడమనండి. దానికి రేకులుండవు. మనకి రేకులా కనిపించే ఎర్రటి సన్న గొట్టంలోంచి ఒక పోగు బయటికి వంగి వస్తుంది. దాని కొస ఇంకా గొట్టంలోనే చిక్కుకుని ఉంటుంది. సూదిలో దారం పూర్తిగా లాగక ముందు మిగిలే ఉచ్చు ఎలా ఉంటుందో అలా. ఆ కొసకి లోపలే పుప్పొడి అంటుకుంటుంది. గొట్టం విచ్చుకోగానే ఉచ్చు విడిపోయి పోగు నిటారుగా లేచి నిలబడుతుంది. ఆస్ట్రేలియాలో తేనె తాగడానికి వచ్చిన పిట్ట నుదుటికి ఆ పుప్పొడి పూస్తుంది. మీ పెరట్లో ఆ పని పెద్ద బొచ్చు తుమ్మెదలు చేస్తాయి. ఎండ కాసిన ఫిబ్రవరి రోజున ఇంకెక్కడా పువ్వు లేనప్పుడు అవి ఈ పొదనే వెతుక్కుంటూ వస్తాయి. అందుకే పూలన్నీ కోయకుండా సగమైనా వదలండి.

ఈ పేరు సంగతి కూడా అమ్మగారికి చెప్పండి, నచ్చుతుంది. చార్లెస్ గ్రెవిల్ అనే లండన్ పెద్దమనిషి మొక్కల పిచ్చి ఉన్నవాడు. 1804 మార్చి 7న పికడిల్లీలోని హాచర్డ్స్ పుస్తకాల కొట్టులో ఏడుగురు కూర్చుని తోటల సంఘం పెట్టారు, అందులో ఆయనొకరు. ఇప్పుడు రాయల్ హార్టికల్చరల్ సొసైటీ అంటున్నది అదే. ఆయన పేరే ఈ జాతికి పెట్టారు. మీ నాన్నగారి తోటలో చెట్టుకి, మీ పెరట్లో పొదకి ఇంటిపేరు అలా లండన్ నుంచి వచ్చింది.

చివరగా ఒక పని, దీన్ని మాత్రం వాయిదా వేయకండి. మొక్క కుదురుకున్న ఏడాది నుంచి ప్రతి ఆగస్టులో ఐదారు కొసలు తుంచి నాటి పెట్టుకోండి. ఆ ఏటి కొమ్మ, కింద కాస్త గట్టిపడి కొస ఇంకా లేతగా ఉన్నది, 8 నుంచి 10 సెంటీమీటర్లు. కింది సగం ఆకులు చేత్తో లాగకుండా కత్తెరతో కోసేయండి, లాగితే బెరడు చీరుకుంటుంది. వేళ్ళొచ్చే పొడిలో ముంచి, సగం పెర్లైటు సగం ఎరికేషియస్ కంపోస్టు ఉన్న చిన్న కుండీలో గుచ్చి, పైన పాలిథిన్ కవరు బోర్లించి, ఎండ సూటిగా పడని కిటికీలో పెట్టండి. రెండు మూడు రోజులకోసారి కవరు తీసి గాలి తగలనివ్వండి. రెండు నెలలకో, కొన్నిటికి ఇంకా ఆలస్యంగానో వేరు వస్తుంది. కుండీ కింది రంధ్రంలో తెల్లటి వేరు కొస కనిపించాక కూడా ఆ చలికాలమంతా ఇంట్లోనే, హీటర్‌కి దూరంగా ఉంచండి. బయట పెద్ద మొక్కకి ఏమైనా, మే నాటికి మీ చేతిలో రెండు మూడు పిల్ల మొక్కలు ఉంటాయి.